ట్యాంకు ఖాళీ చేయించుకున్నాడని చెప్పాను

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క ముక్క. చెప్పడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్ని కాయితాలు పడుతున్నాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నా నోరు ఎన్నిసార్లు తెరుచుకుని మూసుకుపోయిందో నాకే గుర్తు లేదు.

నా రాత బాగుండదు. నేను అక్షరాలు దిద్దింది యాభై నాలుగో ఏట. వాక్యం ఎక్కడ ఆపాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో పాత టూ స్ట్రోక్ బళ్ళు బాగుచేస్తాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. నా పేరు ఇందులో రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. నన్ను కాపాడుకోవడానికి అలా చేయలేదు. ఎందుకు చేశానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

యాకోబు నా స్నేహితుడు. మాది ఒకే చర్చి. నీళ్ళ పంపుహౌసులో మోటార్లు తిప్పే పని అతనిది. డ్యూటీ లేని రోజున సముద్రం దగ్గరికి వెళ్ళకపోతే ఊపిరాడదు. అందరూ వెళ్ళే బీచిలు అతనికి పనికిరావు. దక్షిణాన బస్సు రోడ్డు అయిపోయిన చోట ఒక ఎర్రమట్టి కొండ ఉంది. దాన్ని ఎక్కి, వేళ్ళూ రాళ్ళూ దాటుకుని అటువైపు దిగితే చిన్న ఒడ్డు. ఆటు బాగా తీసిన రోజున అక్కడ పగడపు దిబ్బ చాలా దూరం బయటపడుతుంది. చివర్లో ఒక పెద్ద రాయి. ఆ రాయి కింది బొరియల్లో ఆక్టోపస్‌లు ఉంటాయి. అదీ యాకోబు పిచ్చి.

మామూలు బండి ఆ కొండ ఎక్కదు. అందుకని ఎక్కడో తుప్పు పట్టి పడున్న పాత బండిని ఆటోలో వేసుకుని తెచ్చాడు.

"ఉస్తాద్, దీన్ని మేకలాగ చేసియ్యాలి నువ్వు. ఎక్కాల, దిగాల."

"మేకకి బ్రేకులుండవు రా" అన్నాను.

"దానికి నువ్వున్నావు కదేటి."

దాదాపు ఏడాది పట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం షెడ్డులో కూర్చునేవాళ్ళం. ఇక్కడి ఉప్పుగాలి ఇనుమును లోపలి నుంచి తింటుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, సుత్తితో తడితే బోలుగా మోగుతుంది. అలా మోగిన చోటల్లా ఫ్రేము కోసి కొత్త గొట్టం అతికించాను. ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైకి ఎత్తాను. సైలెన్సరును వంచి సీటు పక్కకి తెచ్చాను, వాగులో దిగినా నీళ్ళు పోకుండా. వెనక చైను తిరిగే పెద్ద స్ప్రాకెట్టు, గట్టి స్ప్రింగులు, బొటనవేలంత గుబ్బలున్న టైర్లు. ఏ సామానైనా ఓడ మీద రావాలి. ఓడ రాకపోతే రెండు నెలలు అలా చూస్తూ కూర్చోవడమే. యాకోబు ఎమెరీ కాగితంతో తుప్పు గీకుతూ సగం సగం పాటలు పాడేవాడు. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా ఏ బండీ కట్టలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి. ఆ బండి అతనిదే అయినా నాకు దాని మీద ఆశ ఉండేది.

అసలు ఇంజను పనికిరాదు, కింద కేసు పగిలిపోయింది. ఇంకో ఇంజను వేశాను. దాన్ని నాకు ఒకడు గోనెసంచిలో తెచ్చి ఇచ్చాడు. ఎక్కడిదని అడగొద్దన్నాడు. నేను అడగలేదు. కాగితాలు లేవు. అప్పటికి నాకు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. ఇంజను మీద కొట్టిన నంబరును ఆకురాయి పట్టి ఒక్కో అంకె చొప్పున అరగదీశాను. యాకోబుకి చెప్పలేదు. పాతదే బాగుచేశానన్నాను. నమ్మాడు. నా మాట మీద అతనికి అంత నమ్మకం.

అతని భార్య కరుణమ్మ. ఇంట్లోనే మిషను కుట్టేది, చర్చిలో సండే స్కూలు చెప్పేది. ఆ రాయంటే ఆమెకు భయం. పోటు ఎక్కేటప్పుడు అక్కడ నీళ్ళు వెనకనుంచి వస్తాయని ఎవరో చెప్పారు. ఇక మీదట అక్కడికి పోనని యాకోబు చేత ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి అతను ఇంట్లో "షెడ్డుకి వెళ్తున్నా" అని చెప్పి అక్కడికి పోయేవాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నవ్వి ఊరుకునేవాణ్ణి. మగవాళ్ళ మధ్య ఇలాంటివి ఉంటాయి కదా అనుకునేవాణ్ణి.

ఆ శనివారం పొద్దు పొడవకముందే వచ్చాడు. మర్నాడు అమావాస్య, ఆటు బాగా తీసే రోజులు. చైను వదులైందంటే బిగించాను. ఎదురు కొట్లో టీ తాగాం. కొట్టువాడు చూశాడు. "సాయంత్రం పెద్దది తెస్తాను, కారం నూరి ఉంచు" అని యాకోబు వెళ్ళిపోయాడు. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు. కారం నేనే నూరాను. అతను రాలేదు. వేట పడలేదేమో, నేరుగా ఇంటికి పోయాడేమో అనుకున్నాను.

ఆదివారం చర్చిలో లేడు. గుమ్మం దగ్గర కరుణమ్మ నన్ను ఆపి, రాత్రి షెడ్డులోనే పడుకున్నాడా అని అడిగింది. చూసి పంపిస్తానని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. అతని గుట్టు దాచానంతే. అప్పుడే నోరు తెరిచి రాయి దగ్గరికి వెళ్ళాడని చెప్పి ఉంటే? ఆ ప్రశ్న దగ్గరికి నేను పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు పోయి వచ్చానో. పోయిన ప్రతిసారీ అక్కడ అదే గుమ్మం, అదే చీర కొంగు, అదే నా మూసిన నోరు.

అబర్డీన్ బజారులో బస్సెక్కాను. చివర దిగి కొండ ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆకాశం నల్లబడుతోంది.

బండి మొగలి పొదల పక్కన నిలబడి ఉంది. స్టాండు ఇసుకలో దిగబడకుండా కింద చెక్కముక్క పెట్టాడు, నేను నేర్పినట్టే. చొక్కా మడతపెట్టి సీటు మీద ఉంది. దాని మీద స్టీలు టిఫిను డబ్బా. మూత తీశాను. తినలేదు. పుల్లటి వాసన వచ్చింది.

రెండుసార్లు పిలిచాను. "యాకోబూ" అని.

పోటు ఎక్కుతోంది. దిబ్బ అప్పటికే సగం మునిగింది. ఆ రాయికి వెనక ఒక గుంట ఉంది. ఎంత పోటు వచ్చినా అక్కడికి నీళ్ళు రావు. కాలు విరిగినవాడు కూడా పాక్కుంటూ అందులోకి చేరితే ఒకటి రెండు రోజులు బతకొచ్చు. ఆ గుంట సంగతి నాకు తెలుసు. యాకోబే చూపించాడు. అంచు వెంబడి మోకాలి లోతు నీళ్ళలో పోతే పది నిమిషాల దారి. ఇంకాస్త ఆగితే నడుము లోతు. ఆపైన పోలేం.

నేను పోలేదు.

ఎందుకు పోలేదు? ఇక్కడ నిజం రాయకపోతే ఈ కాయితాలన్నీ దండగ. నేను బండి వైపు చూశాను. మనిషి దొరకలేదంటే పోలీసులు వస్తారు. బండిని చూస్తారు. కూర్చుని నంబర్లు రాసుకుంటారు. ఇంజను దగ్గరికి వచ్చేసరికి నున్నగా అరిగిన చోటు కనిపిస్తుంది. ఎవరు కట్టారీ బండి అంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరినడిగినా నా పేరే చెబుతారు. ఆ నిమిషంలో నా తలలో ఉన్నది ఇది. యాకోబు లేడు. అతని ముఖం కూడా లేదు. లాకప్పు ఉంది.

సీటు కింద పనిముట్ల సంచి ఉంటుంది. నేను పెట్టినదే. ఊళ్ళో అందరూ గుర్తుపట్టే బండి అది, ఎత్తిన మడ్‌గార్డును బట్టి. దాన్ని విప్పాలనుకున్నాను. నంబరు ప్లేటు కూడా. బోల్టులకు ఉప్పు పట్టేసింది. పది నంబరు స్పానరు జారి ఇసుకలో పడిపోయింది. మోకాళ్ళ మీద పడి ఇసుక తవ్వాను. అరగంట పట్టి ఉంటుంది అంతా కలిపి. ఆ అరగంటలో నేను మనిషిని వెతకలేదు. స్పానరును వెతికాను. తల ఎత్తి చూసేసరికి దిబ్బ లేదు. నీళ్ళే.

వాన మొదలైంది. చొక్కా, డబ్బా, విప్పిన సామానూ సంచిలో వేసుకుని బండి స్టార్టు చేశాను. ఒక్క తన్నుకే అందుకుంది. అంత బాగా కట్టానన్నమాట. ఆ సంగతి అప్పుడు కూడా నాకు తట్టింది. తట్టినందుకు నన్ను నేను ఏమనుకోవాలి?

కొండ మీద నుంచి ఊళ్ళోకి వచ్చేదాకా వాన తగ్గకూడదని ప్రార్థన చేశాను. దేవుణ్ణి దానికి కూడా వాడుకున్నాను. ఆ బండి మోత అందరికీ తెలుసు. రేకుల మీద వాన పడుతుంటే ఏ మోతా వినిపించదు. ఒక మలుపులో గొడుగు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు చెయ్యి ఎత్తాడు. బ్రేకు వేశాను. అతను నన్ను దగ్గరగా చూసి, వానలో ఎవడు అడుగుతాడనుకున్నాడో ఏమో, పొమ్మని ఊపేశాడు. బతు బస్తీలో ఒక్క మనిషి రోడ్డు మీద లేడు. షెడ్డులోకి తోసి తలుపు వేశాను. అప్పటికి దీపాలు పెట్టే వేళయింది.

రేపు పొద్దున్నే చెబుదామనుకున్నాను. అతను అక్కడికి వెళ్ళాడని మాత్రం చెబుదాం, బండి సంగతి తర్వాత చూద్దాం. అలా అనుకున్నాను. కానీ అక్కడికి వెళ్ళాడంటే బండేదీ అంటారు. బండి లేకుండా ఆ కొండ దాకా ఎలా పోయాడంటారు. ఏ వైపు నుంచి లాగినా ఆ తాడు నా షెడ్డుకే వస్తోంది.

సోమవారం పొద్దున కరుణమ్మ వచ్చింది. బండి నా వెనక రెండు బారల దూరంలో టార్పాలిన్ కింద ఉంది. ఒక అంచు నుంచి నీటిబొట్లు ఇంకా కారుతున్నాయి. నేను ఆ చప్పుడు వింటున్నాను.

"అన్నయ్యా, ఆయన ఇంకా రాలేదు."

నేను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ టార్పాలిన్‌కి అడ్డంగా జరిగాను.

"శనివారం నీ దగ్గరికేనని చెప్పి బయల్దేరేడు. వచ్చేడా, లేదా?"

రాలేదనడానికి లేదు. టీకొట్టువాడు చూశాడు.

"వచ్చేడు" అన్నాను.

"వచ్చి ఏటి చేసేడు?"

"ట్యాంకులో పెట్రోలు తీయించుకున్నాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎందుకూ?"

"నేనడగలేదు."

"మొత్తం తీసేసేవా?"

"కొంచెం ఉంచేను. జెట్టీ దాకా పోడానికి."

బయటి ఊళ్ళవాళ్ళకు ఇది అర్థం కాదు. ఇక్కడ బండిని ఓడెక్కించాలంటే ట్యాంకు పొడిగా ఉండాలి. లేకపోతే ఎక్కించనివ్వరు. అందుకని ఓడకు ముందు జనం మా దగ్గరికి వచ్చి పెట్రోలు తీయించుకుంటారు. ఇది మాకు రోజూ ఉండే పనే. ఒక మనిషి ట్యాంకు ఖాళీ చేయించుకున్నాడంటే బండితో సహా ఈ దీవి విడిచి పోతున్నాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓడెక్కాడని నేను అనలేదు. అనక్కరలేకుండా చెప్పాను. ముందుగా ఆలోచించి పెట్టుకున్న మాట కాదది. రోజూ వాడే పనిముట్టు లాగా చేతికి దొరికింది.

కరుణమ్మ ఏడవలేదు. "నాతో చెప్పలేదే" అంది. ఆమె గొంతులో భయం ఉంటుందనుకున్నాను. భయం కాదది, సిగ్గు. వచ్చినప్పుడు లేని సిగ్గు. నేనే పెట్టాను.

పోలీసులు వచ్చారు. అదే చెప్పాను. రెండోసారి తేలికగా వచ్చింది. శనివారం మూడు ఓడలు వెళ్ళాయి, రెండు ఉత్తరం దీవులకి, ఒకటి మెయిన్‌లాండుకి. జాబితాల్లో అతని పేరు లేదు. పేరు లేకుండా పోయేవాళ్ళు ఎంతమంది లేరని అన్నారు. బండి ఎక్కడా దొరకలేదు కాబట్టి మనిషి బండితో పోయాడు. ఎంత చక్కటి లెక్క. తీరాన ఒక్క బండి నిలబడి ఉంటే పోలీసులు, పడవలు, ఊరు, అందరూ ఆ రాయి చుట్టూ వెతికేవాళ్ళు. బండి లేదు కాబట్టి ఎవరూ సముద్రం వైపు చూడనే లేదు.

ఆ తర్వాత కథను జనమే అల్లారు. ఉత్తరాన ఒక ఆడమనిషి ఉందన్నారు. వైజాగులో చూశామన్నారు. గడ్డం పెంచాడన్నారు. నేను ఒక్క గింజ వేశాను, అంతే. చర్చిలో మొదటి నెల అతను క్షేమంగా దొరకాలని ప్రార్థన చేశారు. తర్వాత పాపం ఒప్పుకుని తిరిగి రావాలని చేశారు. నేను కూడా తల వంచి ఆమేన్ అన్నాను. వాళ్ళ అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "మీ నాన్న పెట్రోలు తీయించుకున్నాడట కదా" అని తోటి పిల్లలు అడిగేవాళ్ళు. అవును, అచ్చం ఆ మాటే. ఎవరైనా చెప్పకుండా ఎటో పోతే మా చర్చివాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. నవ్వుకుంటూ అంటారు. ఇప్పుడా అమ్మాయి ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఎవరైనా తండ్రి గురించి అడిగితే లేడని చెప్పి మాట మారుస్తుంది.

కరుణమ్మ మొదటి రెండేళ్ళు ఉత్తరం నుంచి ఓడ వస్తే జెట్టీకి వెళ్ళేది. నిలబడేది. దిగేవాళ్ళు అయిపోయాక వచ్చేసేది. ఆ తర్వాత మానేసింది. కుట్టుమిషను పాడైతే నన్ను పిలిచేది. నేను వెళ్ళి నూనె వేసి, బెల్టు మార్చి, ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేవాణ్ణి. మీరు నన్ను అసహ్యించుకుంటున్నారని తెలుసు. నేను ఆ టీ తాగాను.

బండిని ఆ వారమే విప్పేశాను. ఇంజను గ్రీజు పూసి డ్రమ్ములో పెట్టాను. ఫ్రేము గోనెలు చుట్టి దూలాల మీదకి ఎక్కించాను. సముద్రంలో పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చేతులు రాలేదు. ప్రతి ఏడూ వానలు మొదలయ్యే ముందు తలుపు వేసుకుని అన్నీ దింపేవాణ్ణి. ఉప్పు ఎక్కడ తింటోందో చూసి గీకేవాణ్ణి. ఇంజను బిగుసుకుపోలేదు కదా అని క్రాంకు తిప్పి చూసేవాణ్ణి. పిస్టను ఆడే బోరులో నూనె వేసేవాణ్ణి. రిమ్ములు తుడిచి, తుప్పు పట్టిన పుల్లలు మార్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళలో ఆ బండి చావలేదు. పశ్చాత్తాపమని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అతనిది అతనికి జాగ్రత్తగా దాస్తున్నానని. ఉత్తమాట. పశ్చాత్తాపం ఉన్నవాడు పిస్టను తుడుస్తూ ముచ్చటపడతాడా? నా చేతులు ముచ్చటపడ్డాయి. ఒక ఏడాది ఇంకా మంచి కార్బొరేటరు దొరికితే తెచ్చి వేశాను కూడా. ఎవరి కోసం వేశానో మీరే చెప్పండి.

ఇక అక్షరాల సంగతి. యాకోబు పోయిన ఆరేళ్ళకి కరుణమ్మ చర్చి వరండాలో పెద్దవాళ్ళకి తెలుగు చెప్పడం మొదలుపెట్టింది. పాటల పుస్తకం చదవలేక పెదాలు ఆడించేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. నన్ను రమ్మంది. రానన్నాను. బలవంతం చేసింది. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. "అన్నయ్యా, అది స్పానరు కాదు. అంత గట్టిగా బిగించకు, బలపం విరిగిపోద్ది" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె వేళ్ళు నా వేళ్ళ మీద ఉన్నంతసేపూ నా వీపు చెమటతో తడిసిపోయేది.

ఏడాది గడిచాక, వానలకు ముందు డ్రమ్ము తెరిచినప్పుడు, గ్రీజుగుడ్డలో చుట్టిన టిఫిను డబ్బా చేతికి వచ్చింది. మూత మీద చుక్కలు చుక్కలుగా ఏదో చెక్కి ఉంది. అది ముందు నుంచీ ఉంది, నాకు గీతల్లా కనిపించేది. ఆ రోజు నా పెదాలు వాటంతట అవే కూడబలుక్కున్నాయి. యా. కో. బు. పుస్తకం బయట నేను చదివిన మొదటి మాట అది. డబ్బా మళ్ళీ చుట్టేసి తలుపు తీసి బయటికి వచ్చి కూర్చున్నాను. చెప్పేస్తాననుకున్నాను. ఆ ఏడాది చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు చెప్పలేదు.

మాకు సమాధుల పండుగ ఉంది. ఆ రోజు పొద్దున్నే సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తర్వాత ఆరాధనలో, సంఘంలో ఇంతవరకు చనిపోయినవాళ్ళ పేర్లన్నీ ఒకరు చదువుతారు. యాకోబు పేరు అందులో ఉండదు. పారిపోయినవాడి పేరు ఎలా చదువుతారు? ఈ ఏడాది పాస్టరుగారు ఆ కాయితం నా చేతికి ఇచ్చారు. ముసలితనంలో చదువుకున్నవాడు చదివితే అందరికీ బాగుంటుందన్నారు. తప్పించుకోవాలని చూశాను, కళ్ళజోడు బాగోలేదన్నాను. తన కళ్ళజోడు తీసి ఇచ్చారు.

నిలబడి చదివాను. కరుణమ్మ మూడో వరసలో ఉంది. ఒక్కో పేరుకీ ఎవరో ఒకరు తల వంచుతున్నారు. మా ఆవిడ పేరు వచ్చింది, చదివాను. చివరి పేరు అయ్యాక ఆగాను. కాయితం అయిపోయింది, నాకు మాత్రం ఇంకొకటి మిగిలి ఉంది. అది గొంతులోకి వచ్చింది. కాయితం దించకుండా అలాగే నిలబడ్డాను. పాస్టరుగారు నా భుజం తట్టి కూర్చోమన్నారు.

బయట మెట్ల దగ్గర కరుణమ్మ నా కోసం ఆగింది. పాఠం అప్పజెప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఒక్క పేరు కూడా వదలకుండా చదివేవన్నయ్యా" అంది.

"షెడ్డుకి రా అమ్మా" అన్నాను.

వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి ముందు డబ్బా తీసి చేతికి ఇచ్చాను. మాటలు తర్వాత వచ్చాయి. ఎలా వచ్చాయో చెప్పలేను. ఇంజను నంబరు దగ్గర మొదలుపెట్టి జెట్టీ దాకా అన్నీ చెప్పాను. రాతి వెనక గుంట సంగతి కూడా చెప్పాను. ఆమె డబ్బా మూత మీద వేలితో రాస్తూ విన్నది. ఒక్కటే అడిగింది.

"ఎన్నిసార్లు పిలిచేవు?"

"రెండు."

తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి గుమ్మం దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా, "నీ నోటితో చెప్పింది నాకొద్దు. నీ నోటిమాటే ఊరంతా తిరిగింది. రాసి ఇయ్యి" అంది.

రాశాను. పేర్లతో, నా సంతకంతో. ఆమెకొకటి, పాస్టరుగారికొకటి. మూడోది పోలీస్ స్టేషనుకి తీసుకువెళ్తే అక్కడ తెలుగు చదివేవాళ్ళు లేరు. నేను హిందీలో చెబుతుంటే ఒకాయన రాసుకున్నాడు. మధ్యలో ఆగి "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకొచ్చావు చాచా" అని అడిగాడు. మిగతాది రాసుకోమన్నాను. బండి సామానంతా జాబితా రాసి తీసుకుపోయారు. ఫ్రేమును జీపులోకి ఎత్తుతూ ఒకతను "కొత్తదానిలా ఉందే" అన్నాడు. కేసు ఏమవుతుందో నాకు తెలియదు. పిలిస్తే వెళ్తాను. ఆ తీరంలో కూడా వెతికారు. పద్దెనిమిదేళ్ళ సముద్రం తర్వాత ఏముంటుంది, ఏమీ దొరకలేదు. నేను పిలిచినప్పుడు అతను ఆ గుంటలో ఉన్నాడా, ముందురోజే పోయాడా? అది ఎవరూ చెప్పలేరు. నన్ను విడిచిపెట్టే జవాబు కూడా లేదు, ఉరి వేసే జవాబు కూడా లేదు. దానితో బతకాలి.

కరుణమ్మ కూతురు ఒకసారి వచ్చింది. లోపలికి రాలేదు. గేటు బయట నిలబడి నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు. కరుణమ్మ చర్చికి వస్తోంది. దారిలో ఎదురైతే అన్నయ్యా అని పిలవదు. ఇంకేమనీ పిలవదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. సంఘపెద్దలు కూర్చుని ఏదో నిర్ణయిస్తారట. వచ్చే ఏడాది ఆ జాబితాలో ఇంకో పేరు ఉంటుందో లేదో. చదివేది మాత్రం నేను కాదు.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఆ అబద్ధం కాయితాల మీద తిరగలేదు. టీకొట్ల దగ్గర, జెట్టీ మీద, ఓడల్లో, నోటి నుంచి నోటికి తిరిగింది. మూడు కాయితాలు దాన్ని పట్టుకోలేవు. మీలో ఎవరైనా ఈ దీవులకు వచ్చినప్పుడు, పెట్రోలు తీయించుకుని పెళ్ళాం పిల్లల్ని వదిలి పోయిన పంపుహౌసు మనిషి కథ ఎవరైనా నవ్వుతూ చెబితే, ఇది గుర్తు చేసుకోండి. ఆమె అసలు పేరు మీకు అక్కరలేదు. ఇన్నాళ్ళూ జనం నోట్లో నలిగింది చాలు. అందుకే మార్చాను.

ఇవాళ షెడ్డు ఖాళీగా ఉంది. తలుపు తీసే ఉంచాను. చేతులు ఖాళీగా ఉంటే స్పానరు కోసం తడుముకుంటున్నాయి. అయినా ఛాతీలో ఏదో వదులైంది. దానికి నేను తగినవాణ్ణో కాదో తెలియదు. చెప్పవలసింది ఒక్క ముక్కే, ఇన్ని కాయితాలు తిరిగి దాని దగ్గరికి వచ్చాను.

యాకోబు ఆ రోజు పెట్రోలు తీయించుకోలేదు. అతను ఏ ఓడా ఎక్కలేదు.